యూనివర్సిటీలో తెరుచుకునే వ్యాసం ఇంటికొస్తే డబ్బులడుగుతోంది. ఎవరికి రాయాలి?

వింజమూరు టీచరమ్మ:

అందరికీ నమస్కారం. నేను ఒక ఎయిడెడ్ డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్తాను. దాంతోపాటు పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ చేస్తా ఉండాను. యూనివర్సిటీ మన జిల్లాది కాదు, రాష్ట్రంలోనే ఇంకో మూల ఉంది, ప్రభుత్వానిదే. పేర్లు వద్దులెండి, రేపు వాళ్ళ ముందే కూర్చుని వైవా ఇవ్వాలి.

టాపిక్ 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం. అది మొదలైన దూబగుంట మాకు దగ్గరే. ఊళ్ళల్లోకి పోతే ఆనాటి ఆడవాళ్ళు కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి మరీ చెప్తారు. ఆ పక్క నాకు లోటు లేదు. చిక్కంతా లైబ్రరీ డేటాబేసులతోనే.

మహిళా ఉద్యమాల మీద ఒక విదేశీ జర్నల్లో వచ్చిన వ్యాసం నాకు కావాలి. యూనివర్సిటీకి పోయినప్పుడు అక్కడి లైబ్రరీ కంప్యూటర్లో టక్కున తెరుచుకుంటుంది. లాగిన్ గీగిన్ ఏమీ అడగదు. అదే లింకు ఇంటికొచ్చి తెరిస్తే సారాంశం ఒక పేరా చూపించి, మిగతాది కావాలంటే ముప్పై చిల్లర డాలర్లు కట్టమంటుంది. నా జీతం సంగతి తెలిసినవాళ్ళెవరూ అట్టా అడగరు.

"మీ సంస్థ ద్వారా లాగిన్ అవ్వండి" అని ఒక బటన్ ఉంది. నొక్కితే సంస్థల జాబితా వస్తుంది, అందులో మా యూనివర్సిటీ పేరు కూడా ఉంది. దాన్ని ఎంచుకుంటే యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ అడుగుతుంది. అవి నాకెవరూ ఇవ్వలేదు. మా కాలేజీ వాళ్ళయితే ఎన్‌లిస్ట్ (కాలేజీలకి జర్నళ్ళు, ఈ-పుస్తకాలు ఇచ్చే పథకం) ఐడీ ఇచ్చారు. (కాలేజీలో లైబ్రేరియన్ పోస్టు ఖాళీ. ఫిజిక్స్ సార్ ఇన్‌చార్జి. ఆయన పాపం తన క్లాసులు చెప్పుకుంటూ ఇది కూడా చూస్తాడు.) దాంతో ఈ-పుస్తకాలు బాగానే వస్తున్నాయి, ఈ వ్యాసం మాత్రం అందులో కనబళ్ళేదు.

పబ్లిషర్ హెల్ప్‌డెస్క్‌కి రాశాను. "మీ లైబ్రరీని సంప్రదించండి" అని ఒక్క ముక్క వచ్చింది. యూనివర్సిటీ లైబ్రరీకి రాశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇప్పుడు నేను ఎవరిని పట్టుకోవాలి? ఎట్టా రాస్తే పలుకుతారు?

ఇంకో సంగతి. శోధ్‌గంగలో, అదే పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు పెట్టే సైటులో, తెలుగువి కొన్ని దొరికినాయి. కంటికి తెలుగు చక్కగా కనబడుతుంది. ఒక పేరా కాపీ చేసి వర్డ్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన చెత్త వస్తుంది. లోపల "సారా" అని వెతికితే ఒక్కటీ దొరకదు. సారా మీద రాసిన పుస్తకంలో సారా లేదంట!

మాగుంట లేఅవుట్ కుర్రోడు:

అక్కా, ముందు బ్రౌజర్లో కుకీలు, క్యాషే అన్నీ క్లియర్ చెయ్యి. తర్వాత ఇన్‌కాగ్నిటోలో తెరువు. వీపీఎన్ ఏదన్నా వేసుంటే ఆపెయ్. మా ఆఫీసులో ఎవరొచ్చి అడిగినా నేను చెప్పేది ఇదే, ఎక్కువమందికి దీంతోనే అయిపోద్ది.

పెన్నేటి గట్టు:

ఇంత తిప్పలెందుకండీ. వ్యాసం రాసినవాళ్ళ ఈమెయిల్ ఆ పేజీలోనే ఉంటది. నేనెవరు, ఏం పని చేస్తున్నాను అని రెండు లైన్లు రాసి అడగండి. నాకు ఒకామె తెల్లారేసరికి పంపించింది, పైగా తన ఇంకో వ్యాసం కూడా జత చేసింది. రాసినవాళ్ళకి చదివేవాళ్ళు దొరకడమే అపురూపం.

ఒంగోలు పాత లైబ్రేరియన్:

అమ్మా, ఒంగోలు పక్కన ఒక కాలేజీ లైబ్రరీలో చాలా ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మీ ప్రశ్న చదువుతుంటే మళ్ళీ కౌంటర్లో కూర్చున్నట్టుంది. కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఆ డేటాబేసు వాళ్ళకి మీరు కస్టమర్ కాదు. మీ యూనివర్సిటీ కస్టమర్. ఒప్పందం సంస్థ పేరు మీద ఉంటుంది, ఎవరు చదవొచ్చో ఎవరు చదవకూడదో చెప్పేది సంస్థ. మీరు నిజంగా అక్కడ స్కాలరో కాదో ఎక్కడో కూర్చున్న హెల్ప్‌డెస్క్ మనిషికి తెలిసే దారి లేదు. అందుకని "మీ లైబ్రరీని సంప్రదించండి" అన్నాడంటే వదిలించుకున్నాడని అనుకోకండి. అతను చెప్పగలిగింది అంతే. మీరు అతనికి ఇంకో పది ఉత్తరాలు రాసినా అదే చెప్తాడు. అదే సంగతి మీ లైబ్రరీ వాళ్ళు రాస్తే టికెట్ నంబరిచ్చి పని మొదలుపెడతారు. కాబట్టి మీరు కదిలించాల్సింది లైబ్రరీని. కంపెనీని లైబ్రరీ కదిలిస్తుంది.

ఇక యూనివర్సిటీలో లాగిన్ లేకుండా ఎందుకు తెరుచుకుంటోంది? ఇంటర్నెట్‌లో ప్రతి కనెక్షన్‌కీ ఒక ఐపీ నంబరు ఉంటుంది కదా. యూనివర్సిటీ తన నంబర్లు పబ్లిషర్లకి ముందే రాసిచ్చింది. ఆ నంబరు నుంచి ఎవరొచ్చినా లోపలికి వదులుతారు, పేరు కూడా అడగరు. వింజమూరులో మీ ఇంటి నెట్‌కి ఆ నంబరు ఉండదు. పబ్లిషర్ కంటికి మీరు దారిన పోయేవాళ్ళు.

ఇంటి నుంచి చదవడానికి పెట్టిన దారి పేరు ఇన్‌ఫెడ్. గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్, అంటే యూనివర్సిటీ లైబ్రరీలని కలిపే యూజీసీ కేంద్రం వాళ్ళు నడుపుతారు. మీరు నొక్కిన "సంస్థ ద్వారా లాగిన్" బటన్ వెనకాల ఉన్నది అదే. మీ యూనివర్సిటీ పేరు జాబితాలో వచ్చిందంటే సంస్థ చేరింది, సంతోషం. మీ పేరు ఆ సంస్థ లోపలి జాబితాలోకి ఎక్కించాల్సింది మాత్రం యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళే. నా అనుమానం ఏందంటే, పార్ట్‌టైమ్ వాళ్ళ పేర్లు ఎక్కి ఉండవు. ఫుల్‌టైమ్ స్కాలర్లు రోజూ కళ్ళ ముందు తిరుగుతుంటారు, అడిగి చేయించుకుంటారు. మీబోటి వాళ్ళు ఎప్పుడో ఒకసారి వచ్చిపోతారు, జాబితా రాసే గుమాస్తాకి గుర్తుండరు.

ఎన్‌లిస్ట్ పూర్తిగా వేరే సంగతి. అది కాలేజీల కోసం పెట్టింది. యూజీసీ చట్టం 2(ఎఫ్), 12(బి) కింద, అంటే యూజీసీ గుర్తింపూ నిధుల అర్హతా ఉన్న కాలేజీలు ఏడాదికి 5,000 రూపాయలు, దానిమీద జీఎస్‌టీ కలిపి 5,900 కట్టి చేరతాయి. 6,000కి పైగా జర్నళ్ళు, దాదాపు 2 లక్షల ఈ-పుస్తకాలు వస్తాయి. అంత తక్కువకి అన్ని పుస్తకాలా అని మా ప్రిన్సిపాల్ ఎన్నడూ నమ్మలేదు, ఏదో మోసం ఉందని సంతకం పెట్టడానికి వెనకాడేవాడు. దాన్ని వాడాలంటే ఎన్‌లిస్ట్ సైటులో లాగిన్ అయి, అక్కడున్న లింకు మీద నొక్కి పబ్లిషర్ సైటుకి పోవాలి. గూగుల్లో వెతికి నేరుగా పోతే ఎన్‌లిస్ట్ ఉన్నట్టే వాళ్ళకి తెలియదు. ఆర్టీసీ పాసు పర్సులో ఉన్నా ప్రైవేటు బస్సెక్కితే టిక్కెట్టు కొట్టక తప్పదు కదా, అదీ ఇంతే. అట్టాగే ఎన్‌లిస్ట్ ఐడీ మీ యూనివర్సిటీ ఇన్‌ఫెడ్ పేజీలో కొడితే పనిచెయ్యదు, అవి రెండూ వేరు వేరు ఖాతాలు.

మూడోది, ఈ మధ్య వచ్చింది, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్ 25న ఒప్పుకుంది, 2025 జనవరి 1 నుంచి నడుస్తోంది. 2025, 2026, 2027 మూడేళ్ళకి 6,000 కోట్ల రూపాయలు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్ళు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే విద్యాసంస్థలకీ పరిశోధనా సంస్థలకీ ఇచ్చారు. మీ యూనివర్సిటీ ప్రభుత్వానిది కాబట్టి అందులోకి వస్తుంది. మీ కాలేజీ ఎయిడెడ్ అన్నారు, యాజమాన్యం ప్రైవేటుది కాబట్టి రాదు. ఒకే మనిషి పొద్దున ఒక జాబితాలో ఉండి సాయంత్రం ఇంకో జాబితాలో ఉండటం అంటే ఇదే. యూనివర్సిటీలో తెరుచుకున్న వ్యాసం కాలేజీ ఐడీతో ఎందుకు రాలేదో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది.

ఇంకోటి. తెరుచుకోలేదు అన్నప్పుడల్లా అది సాంకేతిక లోపం కాదు. అసలు మీ సంస్థ ఆ జర్నల్ కొననే లేదేమో. 30 మంది పబ్లిషర్లంటే లోకంలో ఉన్న పబ్లిషర్లందరూ కాదు. కొనని జర్నల్ కోసం హెల్ప్‌డెస్క్ ఎంత మంచిదైనా ఏం చెయ్యగలదు? మీ విషయంలో యూనివర్సిటీ కంప్యూటర్లో వచ్చింది కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు. కొన్నారు, మీకు దారి ఇవ్వలేదు. లైబ్రరీ వాళ్ళకి రాసేటప్పుడు ముందు చెప్పాల్సిన ముక్క ఇదే: "క్యాంపస్‌లో వస్తోంది, బయట రావడం లేదు." ఆ ఒక్క వాక్యంతో వాళ్ళకి సగం వెతుకులాట తప్పుతుంది.

మీరు వాళ్ళకి రాసిన ఉత్తరం ఇక్కడ పెట్టగలరా? ఎవరి పేర్లూ వద్దు.

బాబూ మాగుంట లేఅవుట్, వీపీఎన్ ఆపమన్నావు, అది నిజమే. కానీ ఇన్‌కాగ్నిటో అన్ని చోట్లా మంచిది కాదు. అందులో థర్డ్ పార్టీ కుకీలు మామూలుగానే ఆగిపోతాయి. పబ్లిషర్ సైటు నుంచి యూనివర్సిటీ పేజీకి పోయి, అక్కడ లాగిన్ అయి, మళ్ళీ వెనక్కి వచ్చే లాగిన్లు కొన్ని అక్కడే చతికిలబడతాయి.

వింజమూరు టీచరమ్మ:

సార్, ఇంత వివరంగా మాకెవరూ చెప్పలేదు. పేరే వినని పథకం కింద మా యూనివర్సిటీ ఉంది అంటే ఆశ్చర్యంగా ఉంది. నేను రాసిన ఉత్తరం ఇదీ:

"గౌరవనీయులైన సార్, నాకు జర్నల్స్ ఓపెన్ కావడం లేదు. నేను పరిశోధకురాలిని. దయచేసి సాయం చేయగలరు. ఇట్లు మీ విధేయురాలు."

పెన్నేటి గట్టు గారూ, ఈ ఒక్క వ్యాసానికైతే మీరు చెప్పినట్టు రాసేదాన్ని. నాకు కావాల్సినవి ఒకటీ రెండూ కాదు. ప్రతి ఒక్కరికీ ఉత్తరం రాసుకుంటూ కూర్చుంటే ఇక పీహెచ్‌డీ రాసేదెప్పుడు?

ఒంగోలు పాత లైబ్రేరియన్:

అమ్మా, ఉత్తరం మర్యాదగా ఉంది, ఏమీ అనను. కానీ ఇది చదివినవాడికి పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఏ జర్నల్? ఎక్కడి నుంచి? ఏమని వచ్చింది? ఈ మూడూ అడుగుతూ మీకు తిరుగు ఉత్తరం రాయాలి, మీరు మళ్ళీ రాయాలి. ఆ లోపల ఇంకెవరో వచ్చి ప్రింటర్ పనిచెయ్యట్లేదంటారు. మీ ఉత్తరం అడుక్కి పోతుంది. మేము కావాలని తొక్కిపెట్టం, జవాబివ్వడానికి తేలిగ్గా ఉన్నవాటికి ముందు ఇస్తాం. అంతే.

ఇట్టా రాయండి:

"నేను ఫలానా విభాగంలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ స్కాలర్ని. అడ్మిషన్ నంబరు ఇది, గైడ్ గారి పేరు ఇది. ఫలానా జర్నల్, ఫలానా సంపుటం, సంచిక, పేజీలు, డీఓఐ (వ్యాసానికి ఉండే శాశ్వత నంబరు) ఇదీ. మన క్యాంపస్ లైబ్రరీ కంప్యూటర్లో ఫలానా తేదీన పూర్తి వ్యాసం తెరుచుకుంది. ఇంటి నుంచి అదే లింకు తెరిస్తే డబ్బు కట్టమంటోంది. సంస్థ ద్వారా లాగిన్ నొక్కితే మన యూనివర్సిటీ పేరు వస్తోంది, కానీ నాకు ఇన్‌ఫెడ్ యూజర్ ఐడీ లేదు. నా పేరు ఇన్‌ఫెడ్ జాబితాలో ఉందో లేదో చూసి, లేకపోతే చేర్చమని కోరుతున్నాను. స్క్రీన్‌షాట్ జత చేశాను."

స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పైన అడ్రస్ బార్ కూడా పడాలి, కింద మూలన గడియారం కూడా పడాలి. జనం ఎర్ర అక్షరాల ముక్క ఒక్కటే కత్తిరించి పంపుతారు. మాకు కావాల్సింది ఆ పైనున్న లింకు. అందులోనే మీరు ఏ దారిన వచ్చారో తెలిసిపోతుంది, ఎన్‌లిస్ట్ మీద నుంచి వచ్చారా, నేరుగా వచ్చారా అని. గడియారం ఎందుకంటే, కంపెనీ వాళ్ళు తమ లాగ్‌లో ఆ నిమిషానికి ఏం జరిగిందో వెతుక్కుంటారు. ఫోన్లో కెమెరాతో మానిటర్‌ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేవాళ్ళు ఉంటారు, ట్యూబ్‌లైట్ వెలుగు తప్ప ఏమీ కనబడదు. అది వద్దు.

పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ పంపొద్దు. లైబ్రరీ వాడు అడిగినా పంపొద్దు, అడిగేవాడు లైబ్రరీ వాడు కాదని అర్థం. యూజర్ ఐడీ చాలు. మెయిల్ మీ గైడ్ గారికి కూడా కాపీ పెట్టండి. దాని మహిమ వేరే.

అద్దంకి బస్టాండ్:

పాత లైబ్రేరియన్ గారికి నమస్కారం. మా కాలేజీలో ఇప్పుడు ఇంకో రకం తిప్పలు. ఎన్నాళ్ళ నుంచో కాలేజీ లోపలే లాగిన్ లేకుండా వచ్చే డేటాబేసులు ఈ మధ్య ఒక్కసారిగా అన్నీ డబ్బులడుగుతున్నాయి. చందా కట్టే ఉంది, రశీదు కూడా చూశాను. కంపెనీ వాళ్ళు తమ వైపు అంతా బాగానే ఉందంటున్నారు.

ఒంగోలు పాత లైబ్రేరియన్:

ఒక్కటి కాకుండా అన్నీ ఒకేసారి ఆగాయి అంటే కంపెనీలను పక్కన పెట్టండి. మీ కాలేజీలో ఈ మధ్య ఇంటర్నెట్ మార్చారా? కనుక్కోండి.

నా సర్వీసులో సరిగ్గా ఇదే జరిగింది. వేసవి సెలవుల్లో ఆఫీసు వాళ్ళు పాత బ్రాడ్‌బ్యాండ్ తీసేసి, చౌకగా వస్తోందని ఇంకో ఫైబర్ కనెక్షన్ వేయించారు. లైబ్రరీకి చెప్పాలని ఎవరికి తోస్తుంది? కాలేజీ తెరిచాక పిల్లలు వచ్చి ఏదీ రావట్లేదన్నారు. నేను కేబుల్ చూశాను, స్విచ్ చూశాను, కంపెనీ వాళ్ళతో పోట్లాడాను. చివరికి ల్యాబ్ అసిస్టెంట్ కుర్రవాడు కాలేజీ ఐపీ నంబరు చూసి, ఇది మనం వాళ్ళకిచ్చిన నంబరు కాదే అన్నాడు. కొత్త కనెక్షన్‌తో నంబరు మారిపోయింది. కంపెనీ వాళ్ళ పుస్తకాల్లో పాత నంబరే ఉంది. కొత్తది రాసి పంపాక ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

మీరు నంబరు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. కంప్యూటర్ సెట్టింగుల్లో 192.168 అని మొదలయ్యే నంబరు కనబడుతుంది. అది ప్రహరీ లోపల వాడుకునేది, దేశమంతా ఇళ్ళల్లో అవే నంబర్లు. అది పంపితే ఉపయోగం లేదు. కాలేజీ కంప్యూటర్ నుంచి గూగుల్లో నా ఐపీ ఏమిటి అని వెతికితే బయటికి కనబడే నంబరు వస్తుంది, అది కావాలి. కనెక్షన్ ఇచ్చినవాళ్ళని స్టాటిక్ ఐపీ ఇచ్చారా అని కూడా అడగండి. స్టాటిక్ కాకపోతే అది మారిపోతూనే ఉంటుంది, మీరు ఉత్తరాలు రాస్తూనే ఉంటారు.

నంబరు మారలేదంటే ఇంకో అనుమానం ఉంది, కానీ అది ఒక్క పబ్లిషర్ దగ్గరే వస్తుంది. ఎవరో పిల్లవాడు డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్ పెట్టి ఒక జర్నల్ సంచికలన్నీ ఒకేసారి గుంజితే, ఆ పబ్లిషర్ కాలేజీ మొత్తానికీ తలుపేసేస్తాడు. ఒకడు చేస్తే అందరికీ శిక్ష. మీకు అన్నీ ఆగాయి కాబట్టి అది కాదనుకుంటా.

సింగరాయకొండ స్కాలర్:

టీచరమ్మ గారూ, మీ శోధ్‌గంగ ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. నాది తెలుగు సాహిత్యం, కాబట్టి నేను ఆ మడుగులోనే ఉన్నాను.

ఆ సిద్ధాంత గ్రంథాలు యూనికోడ్‌లో, అంటే ఇప్పుడు కంప్యూటర్లన్నీ తెలుగుకి వాడే కోడ్‌లో, టైపు చేసినవి కావు. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టించినవి. ఆ ఫాంట్ల కింద దాగున్నవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లే, వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగారు. అందుకే కంటికి తెలుగు, కాపీ చేస్తే చెత్త. మీరు "సారా" అని యూనికోడ్‌లో వెతుకుతారు, ఆ ఫైల్లో ఆ కోడ్ ఎక్కడా లేదు. సైటు తప్పేమీ లేదు, హెల్ప్‌డెస్క్‌కి రాసినా వాళ్ళేం చేస్తారు, విద్యార్థి ఇచ్చిన ఫైలే వాళ్ళు పెట్టారు.

దీనికి రెండు దారులున్నాయి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, కాపీ చేసిన చెత్తని అందులో పెడితే తెలుగు వస్తుంది. అను ఫాంట్లలోనే రకాలున్నాయి, తప్పు రకం ఎంచుకుంటే ఒత్తులు గల్లంతవుతాయి. అట్టా కాకపోతే ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలని కంప్యూటర్ చేత చదివించడం. నాకు అదే నచ్చింది. పేజీని ముందు బొమ్మగా మార్చాలి, జేపీజీ అయినా సరే. ఆ బొమ్మని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరువు అని చెప్తే కింద తెలుగు అచ్చు వస్తుంది. పీడీఎఫ్‌నే నేరుగా పెడితే లోపలున్న ఆ చెత్త కోడ్‌నే తీసుకునే ప్రమాదం ఉంది, అందుకే బొమ్మ. ఒత్తులు, అరసున్నలు కంటితో సరిచూసుకోక తప్పదు. ఉటంకించే పేరాలకి మాత్రం ఓసీఆర్‌ని నమ్మకండి, మూలం చూసి చేత్తో టైపు చెయ్యండి.

శోధ్‌గంగలో వెతకడం కూడా తిక్కగానే ఉంటుంది. ఒకే మాటని ఒకరు తెలుగు లిపిలో ఎక్కించారు, ఒకరు ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ తోచినట్టు. సారా, సారాయి, మద్యపాన నిషేధం, ఇంగ్లీషులో ఆరక్, ప్రొహిబిషన్, అన్నీ కొట్టి చూడండి. నెల్లూరు అని ఒక్కటే కొట్టి విభాగాన్ని చరిత్ర, సోషియాలజీ అని తగ్గించుకుంటూ పోయినా దొరుకుతాయి. దొరికినదాని పక్కనే 10603 తో మొదలయ్యే హ్యాండిల్ నంబరు ఉంటుంది, దాన్ని రాసి పెట్టుకోండి. పైన బ్రౌజర్లో కనబడే లింకు మారొచ్చు, హ్యాండిల్ మారదు. అధ్యాయాలు ఒక్కొక్కటీ వేరే పీడీఎఫ్‌గా ఉంటాయి, ఒకటి తెరుచుకోకపోతే మిగతావి కూడా రావనుకోవద్దు.

పాత తెలుగు పుస్తకాలకి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఉన్నాయి కదా, అక్కడ ఇంకా ఘోరం. పుస్తకం పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరి చెవికి ఎట్టా వినబడితే అట్టా ఎక్కించారు. నెల్లూరుకి ఎన్ని స్పెల్లింగులు ఉండొచ్చో నాకు అక్కడే తెలిసింది.

మాగుంట లేఅవుట్ కుర్రోడు:

అన్నా, పేజీలు ఎక్కువుంటే ఒక్కొక్కటీ డ్రైవ్‌లో పెట్టడం నరకం. టెస్సరాక్ట్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి తెలుగు డేటా వేసుకుంటే ఫోల్డర్‌కి ఫోల్డర్ ఒకేసారి చదివేస్తది. అక్కా, మీకు కావాలంటే నేను ఇన్‌స్టాల్ చేసి ఇస్తా. నెల్లూరు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకోండి. ఇన్‌కాగ్నిటో సంగతి నేను చెప్పలేదనుకోండి, పెద్దాయన ముందు పరువు పోయింది.

వింజమూరు టీచరమ్మ:

అందరికీ దండాలు. ఏం జరిగిందో చెప్దామని వచ్చాను.

పాత లైబ్రేరియన్ సార్ రాసిచ్చినట్టే రాసి, గైడ్ గారికి కాపీ పెట్టి పంపాను. ఈసారి లైబ్రరీ నుంచి ఫోనే వచ్చింది. సార్ చెప్పిందే నిజం. స్కాలర్ల జాబితా రీసెర్చ్ సెక్షన్ నుంచి లైబ్రరీకి పోతుందంట, అందులో పార్ట్‌టైమ్ వాళ్ళని కలపనే లేదంట. నా ఒక్కదాని పేరే కాదు, ఎవరిదీ లేదు. ఆ అమ్మాయి మంచిది, "మేడం, మీరు డీఓఐ, స్క్రీన్‌షాట్ అన్నీ పెట్టారు కాబట్టి ఇది జాబితా సమస్య అని వెంటనే అర్థమైంది, లేకపోతే నెట్ బాగాలేదని వదిలేసేవాళ్ళం" అంది. రీసెర్చ్ సెక్షన్ వాళ్ళ చేత కొత్త జాబితా రాయించి ఎక్కించారు. ఐడీ వచ్చింది. నాతోపాటు చేరిన పార్ట్‌టైమ్ వాళ్ళ గ్రూపులో ఈ సంగతి పెడితే ఒకాయన, ఇన్నాళ్ళూ నేను పోయినప్పుడల్లా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొస్తున్నాను అన్నాడు.

ఆ వ్యాసం ఇంట్లో మంచం మీద కూర్చుని తెరిచాను. వచ్చింది. అయితే దాని వెనక ఇచ్చిన ఆధారాల్లో అదే జర్నల్లో 1994 నాటి వ్యాసం ఒకటుంది. దాన్ని నొక్కితే మళ్ళీ డబ్బులడుగుతోంది. లాగిన్ అయే ఉన్నాను, పైన యూనివర్సిటీ పేరు కనబడుతోంది కూడా. ఇది కూడా జాబితా గొడవేనా? ఇంకా 1993 నాటి ఈపీడబ్ల్యూ (ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ) వ్యాసాలు కూడా కావాలి.

ఒంగోలు పాత లైబ్రేరియన్:

శుభం. ఆ అమ్మాయి పేరు, ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

1994 దానికి హెల్ప్‌డెస్క్‌కి రాయకండి, అది లోపం కాకపోవచ్చు. పబ్లిషర్లు చాలామంది పాత సంచికలని బ్యాక్‌ఫైల్ అని వేరే కట్టగా అమ్ముతారు. చందాలో కొత్త సంచికలు వస్తాయి, ఫలానా ఏడాదికి వెనకవి రావు. పరీక్ష తేలికే. అదే జర్నల్లో ఈ మధ్య సంచిక ఒకటి తెరవండి, 2000 తర్వాతది ఒకటి తెరవండి, 1990ల్లోది ఒకటి తెరవండి. ఒక ఏడాది దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే బ్యాక్‌ఫైల్ కొనలేదని అర్థం. అట్టా కాకుండా అక్కడొకటి ఇక్కడొకటి ఆగితే అప్పుడు లింకులతో సహా ఆ అమ్మాయికి రాయండి, అది నిజంగా చూడాల్సిన విషయం.

ఈపీడబ్ల్యూ పాత సంచికలు జేస్టోర్ అనే జర్నళ్ళ సైటులో ఉన్నాయి. సంస్థ ద్వారా వస్తే సరే. రాకపోతే జేస్టోర్‌లో మీ సొంత ఈమెయిల్‌తో ఉచిత ఖాతా తెరుచుకోండి, 30 రోజులకి 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో చదువుకోనిస్తారు. డౌన్‌లోడ్ ఉండదు, నోట్సు చేత్తో రాసుకోవాలి. మా కాలంలో అందరం అట్టాగే రాశాం, చచ్చిపోలేదు.

1994 వ్యాసానికి పెన్నేటి గట్టు గారి సలహా ఇప్పుడు పనికొస్తుంది, రాసినవాళ్ళు ఇంకా ఈమెయిల్ చూస్తుంటే. లేదంటే డెల్‌నెట్ అని లైబ్రరీల నెట్‌వర్క్ ఉంది. ఢిల్లీ నుంచి నడుస్తుంది, సభ్య లైబ్రరీలు ఒకదాన్నుంచి ఇంకొకటి పుస్తకాలు తెప్పించుకుంటాయి, వ్యాసాల కాపీలు కూడా తెప్పించుకుంటాయి. సభ్యత్వం మనిషికి కాదు, సంస్థకి. మీ యూనివర్సిటీకి గాని కాలేజీకి గాని ఉందేమో అడగండి. ఉంటే జర్నల్ పేరు, సంపుటం, సంచిక, పేజీలు, ఏడాది కాగితం మీద రాసి మీ ఇన్‌చార్జి సార్‌కి ఇవ్వండి, అడగాల్సింది ఆయన లాగిన్ నుంచి.

వింజమూరు టీచరమ్మ:

గీత 1997 దగ్గర ఆగింది సార్. అంతకు ముందువి ఒక్కటీ రాలేదు.

డెల్‌నెట్ సంగతి రేపు కాలేజీలో అడుగుతాను. ఫిజిక్స్ సార్‌కి పొద్దున ప్రాక్టికల్స్, మధ్యాహ్నం భోజనాలప్పుడు దొరుకుతాడు.